అమ్మానాన్నల జర్మనీ వీసా: స్పాన్సర్ కాగితం నుంచి కస్టమ్స్ గేటు దాకా నా అనుభవం

అమ్మానాన్నల్ని మూడు నెలలకు జర్మనీ రప్పించుకోవాలంటే పని హైదరాబాద్‌లో వీసా కౌంటర్ దగ్గర మొదలవుతుందనుకుంటారు చాలామంది. నిజానికి మొదలయ్యేది మనం ఉంటున్న జర్మన్ ఊళ్ళోనే, విదేశీయుల కార్యాలయంలో. దాన్ని ఇక్కడ ఔస్‌లెండర్‌బెహర్డె అంటారు. మా ఇంట్లో ఈ తతంగం రెండుసార్లు నడిచింది. ఒకసారి అమ్మానాన్నలకు, ఇంకోసారి అత్తయ్య మామయ్యలకు. ఆ రెండు ఫైళ్ళు తయారుచేశాక అర్థమైంది ఒక్కటే. కాగితాలు ఎన్ని పెట్టామన్నది వీసా అధికారులకు పట్టదు, ఒక కాగితం చెప్పింది ఇంకో కాగితం కాదనకుండా ఉందా లేదా అన్నదే చూస్తారు.

ముందు లెక్క చూసుకోవాలి. వీళ్ళకు కావాల్సింది షెంగెన్ వీసా, అంటే జర్మనీతో పాటు తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న యూరప్ దేశాలన్నింటికీ కలిపి ఇచ్చే స్వల్పకాల వీసా. దీనికి ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, ఆలస్యమంటే 15 రోజుల ముందు దాకా. మే నెలలో విమానం ఎక్కించాలంటే నవంబర్ నుంచే తలుపు తెరిచినట్టు. ఎండాకాలం సెలవులకు అందరూ ఒకేసారి ఎగబడతారు కనుక ఫిబ్రవరి దాటాక అపాయింట్‌మెంట్ కోసం వెతకడం మొదలుపెడితే పండగ ముందు రైలు టికెట్‌కు వెతికినట్టే ఉంటుంది. డబ్బు తీసుకుని స్లాటు ఇప్పిస్తామనే ఏజెంట్ల జోలికి పోవద్దు.

అంతకన్నా ముందు పాస్‌పోర్టులు. గత 10 ఏళ్ళలోపు ఇచ్చినదై ఉండాలి, జర్మనీ నుంచి తిరిగి బయల్దేరే తేదీ తర్వాత కనీసం 3 నెలలు చెల్లాలి, 2 పేజీలు ఖాళీగా ఉండాలి. గడువు దగ్గర పడుతుంటే ముందే రెన్యువల్ చేయించండి. ఎందుకంటే తర్వాత వచ్చే ప్రతి కాగితం మీదా ఆ పాస్‌పోర్టు నంబరే ఎక్కుతుంది. స్పాన్సర్ కాగితం పాత నంబరుతో వచ్చాక పాస్‌పోర్టు మారిస్తే మొదటికొస్తుంది.

ఆ స్పాన్సర్ కాగితం పేరు ఫెర్‌ఫ్లిష్టుంగ్స్‌ఎర్‌క్లేరుంగ్. నోరు తిరగదు కనుక మనవాళ్ళంతా వీఈ అంటారు. జర్మనీ నివాస చట్టం 66, 68 సెక్షన్ల కింద మనం రాసిచ్చే హామీ ఇది. వీళ్ళు ఇక్కడున్నన్నాళ్ళూ తిండి, బస, వైద్యం ఖర్చు నాది, ప్రభుత్వం ఏమైనా ఖర్చు పెడితే తిరిగి కడతాను అని దాని సారాంశం. ఆ బాధ్యత ఐదేళ్ళ దాకా మన మీద ఉంటుంది. ఫీజు 29 యూరోలు. అధికారి ఎదురుగా కూర్చునే సంతకం పెట్టాలి. పెద్ద ఊళ్ళలో ఈ అపాయింట్‌మెంటుకే వారాలు పడుతుంది.

తీసుకెళ్ళేవి: మన పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు, చివరి 3 నెలల జీతం స్లిప్పులు (కొన్ని ఊళ్ళలో 6 అడుగుతారు), ఉద్యోగ ఒప్పందం, ఇంటి అద్దె ఒప్పందం, వచ్చేవాళ్ళ పాస్‌పోర్టు కాపీలు. కార్యాలయం వాళ్ళు చూసేది మన చేతికొచ్చే నికర జీతం. మన మీద ఆధారపడ్డ భార్య, పిల్లల సంఖ్యను బట్టి కనీస మొత్తం మారుతుంది. ఇద్దరు పిల్లలుండి ఒక్కరే సంపాదిస్తుంటే తల్లిదండ్రులిద్దరికీ కలిపి హామీ ఇవ్వడానికి జీతం చాలడం లేదని తేల్చేయొచ్చు. అప్పుడు ఒక దారి, భార్యాభర్తల్లో ఎక్కువ జీతం ఉన్నవాళ్ళు ఇవ్వడం. రెండోది, వీఈ మాటే లేకుండా అమ్మానాన్నల సొంత డబ్బు చూపించి వెళ్ళడం.

కాగితం చేతికిచ్చాక లేచి వచ్చేయకండి. కూర్చున్న చోటే చదవండి. అందులో మన ఆర్థిక స్తోమత గురించి ఒక గడి ఉంటుంది. ‘నాఖ్‌గెవీజెన్’ అంటే రుజువైంది అని. ‘గ్లౌబ్‌హాఫ్ట్ గెమాఖ్ట్’ అంటే నమ్మదగ్గట్టుగా ఉంది అని మాత్రమే. కాన్సులేట్‌కు కావాల్సింది మొదటిది. రెండోది టిక్కు పెట్టి ఇస్తే ఆ కాగితం బలం సగం పోయినట్టే, మిగతా సగం అమ్మానాన్నల బ్యాంకు ఖాతా మోయాలి. పేర్లు, పుట్టిన తేదీలు, పాస్‌పోర్టు నంబర్లు అక్షరం అక్షరం సరిచూసుకోండి. ఒరిజినల్ కొరియర్‌లో ఇండియాకు పంపాలి, స్కాన్ చేసిన కాపీ చాలదు. దరఖాస్తు ఇచ్చేనాటికి వీఈ 6 నెలలు దాటి ఉండకూడదు కనుక మరీ తొందరపడి తీసుకున్నా ఇబ్బందే.

దరఖాస్తు ఫారం చేతిరాతతో కాదు. విడెక్స్ అనే జర్మనీ ప్రభుత్వ ఆన్‌లైన్ ఫారంలో నింపి ప్రింటు తీయాలి. చివర బార్‌కోడ్ పేజీలు వస్తాయి, అవే ముఖ్యం. ఇంకు అలికిన ప్రింటయినా, కోడ్ మీద మడత పడినా స్కానర్ చదవదు. ప్రింటు తీశాక ఒక్క అక్షరం మార్చాలన్నా పెన్నుతో దిద్దడం కుదరదు. బార్‌కోడ్‌లో పాతదే ఉంటుంది కాబట్టి ఫారం మొత్తం మళ్ళీ తీయాలి.

మన ఫైళ్ళకు అసలు గండం పేర్ల దగ్గర. ఇంటిపేరు ఒక కాగితంలో పూర్తిగా, ఇంకో కాగితంలో పొడి అక్షరంగా ఉంటుంది. నాన్న పాస్‌పోర్టులో వెంకటేశ్వరరావు ఒక్క మాటగా, నా పాస్‌పోర్టు చివరి పేజీలో అదే పేరు మూడు ముక్కలుగా, అందులో ఒక హెచ్ అదనం. ఆ చివరి పేజీయే చాలా ఇళ్ళలో బంధుత్వానికి రుజువు. అమ్మ పేరు పెళ్ళికి ముందు ఇంటిపేరుతో ఒక చోట, తర్వాత ఇంటిపేరుతో ఇంకో చోట కనబడుతుంది. దీనికి మందు ఒక నోటరీ అఫిడవిట్. ఈ రెండు పేర్లూ ఒకరివే అని చెప్పి, దానికి ఆధార్, పాన్, పదో తరగతి సర్టిఫికెట్‌లాంటివి జతచేయాలి. వాళ్ళు అడిగాక ఇవ్వడం కన్నా ముందే పెట్టేయడం మంచిది. ఫారంలో మాత్రం పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే రాయాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే సొంతంగా ఏదో ఒకటి నింపేయకూడదు. పుట్టినప్పటి ఇంటిపేరు అని వేరే గడి ఉంటుంది, అమ్మ పుట్టింటి పేరు అక్కడికి వెళ్తుంది.

ఇక ‘వెనక్కి వస్తారా’ అన్న ప్రశ్న. ఎవరూ నోటితో అడగరు కానీ ఫైలంతా దాని చుట్టూనే తిరుగుతుంది. పిల్లలు జర్మనీలో స్థిరపడ్డారు, పెద్దవాళ్ళకు ఉద్యోగం లేదు, ఇంతకుముందు విదేశం వెళ్ళింది లేదు. అధికారి దృష్టిలో ఇది అనుమానించదగ్గ కేసే. రిటైరైన ఉద్యోగికి పెన్షన్ మంజూరు కాగితం (పీపీఓ), పెన్షన్ పడే ఖాతా స్టేట్‌మెంట్ ఉంటే చాలావరకు తేలిపోతుంది. రైతుకు అలా కాదు. పట్టాదారు పాస్‌పుస్తకం, ఆంధ్రలో అయితే 1-బి, అడంగల్ కాపీలు పెట్టి, వాటికి ఇంగ్లీషు అనువాదం చేయించాలి. తెలుగు కాగితం ఒక్కటే పెడితే చూసేవాళ్ళకు అది బొమ్మతో సమానం. వ్యవసాయ ఆదాయం మీద ఆదాయపు పన్ను లేదు కనుక రిటర్నులు లేకపోవడం తప్పు కాదు, కానీ ఆ సంగతి కవరింగ్ లెటర్లో ఒక వాక్యంగా రాయాలి. రాయకపోతే లోటుగానే కనబడుతుంది. ధాన్యం అమ్మిన డబ్బు ఖాతాలో పడ్డ ఎంట్రీలు, కౌలు డబ్బు, ఇంటి అద్దె, ఊళ్ళోనే ఉన్న ఇంకో కొడుకో కూతురో, చదువుకుంటున్న మనవలు... ఇవన్నీ వెనక్కి లాగే తాళ్ళే. పెళ్ళి ముహూర్తం కుదిరి ఉంటే శుభలేఖ కూడా పెట్టొచ్చు.

బ్యాంకు స్టేట్‌మెంట్ చివరి 3 నెలలది, ప్రతి పేజీ మీదా బ్యాంకు ముద్ర, సంతకంతో. ఇక్కడ పిల్లలు చేసే మేలు కీడవుతుంది. దరఖాస్తుకు వారం ముందు నాన్న ఖాతాలో ఐదు లక్షలు వేస్తారు. మూడు నెలలుగా 18 వేలు దాటని ఖాతాలో ఒక్కసారిగా ఐదు లక్షలు కనబడితే, అది అరువు డబ్బని అర్థం చేసుకోవడానికి జర్మన్ అధికారి అక్కర్లేదు. వీఈ ఉన్నప్పుడు ఖర్చు భరించేది మనమే కనుక ఆ నాటకం అవసరమే లేదు. ఖాతా ఎలా ఉంటే అలా చూపించండి. ఫిక్స్‌డ్ డిపాజిట్లుంటే రసీదు కాపీ పెట్టండి.

ఆహ్వాన లేఖ ఒక పేజీ చాలు. ఎవరు, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, ఏ చిరునామాలో ఉంటారు, ఎందుకు వస్తున్నారు, ఖర్చు ఎవరిది. దాంతో పాటు మన పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు, ఉంటున్న చిరునామా ఇక్కడ నమోదు చేయించిన కాగితం కాపీలు. తేదీల దగ్గర జాగ్రత్త: లేఖలో, ఫారంలో, విమానం బుకింగులో, బీమా పాలసీలో, వీఈలో ఒకే తేదీలుండాలి. లేఖలో 60 రోజులని రాసి బీమా 45 రోజులకు కొంటే ఎవరో ఒకరు పొరపాటు పడ్డారని కాదు, ఫైలే అబద్ధమని అనుకునే అవకాశం ఉంది. కూతురి కాన్పుకు వస్తుంటే కాన్పుకే అని రాయండి. ‘టూరిజం’ అని రాసి తొమ్మిదో నెల గర్భిణి ఇంటి చిరునామా ఇవ్వడం అనవసరపు తెలివి.

కాన్పు మాట వచ్చింది కనుక, షెంగెన్ వీసా మీద 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండడానికి లేదు. అందుకే మనవాళ్ళలో మూడు నెలలు అమ్మ, ఆమె వెళ్ళాక మూడు నెలలు అత్తగారు అన్న వరుస స్థిరపడిపోయింది. ఇక్కడికొచ్చాక పొడిగిద్దాం అనుకోవద్దు. ఆసుపత్రిలో చేరి కదలలేని స్థితిలాంటి కారణాలకు తప్ప పొడిగించరు. 90 రోజుల లెక్క క్యాలెండర్ సంవత్సరంతో సంబంధం లేకుండా కదులుతుంటుంది. మార్చి 1న దిగి మే 29న వెళ్తే 90 రోజులు నిండాయి, దిగిన రోజు, ఎక్కిన రోజు రెండూ లెక్కే. మళ్ళీ అడుగుపెట్టగలిగేది ఆగస్టు 28న, అదీ చెల్లే వీసా ఉంటేనే.

బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి, షెంగెన్ దేశాలన్నింటిలో చెల్లాలి, అత్యవసర వైద్యం, ఆసుపత్రి ఖర్చులతో పాటు ఇంటికి చేర్చే ఖర్చు కూడా కవర్ కావాలి. వీసాకు ఇది చాలు. కానీ నిజంగా అవసరం పడినప్పుడు? బీపీ, షుగరు, పాత గుండె జబ్బు లాంటి ముందునుంచీ ఉన్న రోగాలను చౌక పాలసీలు వదిలేస్తాయి. అరవై దాటినవాళ్ళకు వెయ్యి రూపాయలు ఎక్కువైనా, ప్రాణాపాయ స్థితిలో పాత జబ్బుకూ కవర్ ఇచ్చే పాలసీ చూడండి. వీఈ మీద సంతకం మనది, ఆసుపత్రి బిల్లు చివరికి వచ్చేది మన ఇంటికే.

విమానానికి బుకింగు రిజర్వేషన్ చాలు, వీసా రాకముందే డబ్బు కట్టి టికెట్ కొనక్కర్లేదు. అలాగని నకిలీ టికెట్ల జోలికి పోకండి, పీఎన్‌ఆర్ కొట్టి చూస్తే నిమిషంలో తేలుతుంది.

దరఖాస్తులు తీసుకునే వీసా కేంద్రానికి వెళ్ళే రోజు పని గంటన్నర, రెండు గంటలు. ఫోటో 35 బై 45 మిల్లీమీటర్లు, 6 నెలల లోపుది, లేత రంగు నేపథ్యం, ముఖం ఫ్రేములో 70 నుంచి 80 శాతం. తర్వాత పది వేళ్ళ ముద్రలు. పొలం పనులు చేసి అరిగిన వేళ్ళకు స్కానర్ మొరాయిస్తుంది, రెండు మూడుసార్లు తీస్తారు, కంగారు పడొద్దని ముందే చెప్పాలి. వారం ముందు నుంచి చేతులకు కొబ్బరినూనె రాసుకుంటే కాస్త నయం. అమ్మలకు ఇంకో మాట, వేళ్ళ కొసలకు టోపీల్లా పెట్టుకునే గోరింటాకు ఆ నెల వాయిదా వేయండి. ఒకసారి ఇచ్చిన ముద్రలు 59 నెలల దాకా మళ్ళీ వాడుకోవచ్చన్నది నియమం.

కౌంటర్లో కూర్చున్నవాళ్ళు చెక్‌లిస్టు సరిచూసి కాగితాలు తీసుకునేవాళ్ళే, నిర్ణయం వాళ్ళది కాదు, కాన్సులేట్‌ది. అందుకే ‘ఇది అక్కర్లేదు తీసేయండి’ అన్నా మనకు ముఖ్యమనిపించిన కాగితాన్ని ఉంచమని మర్యాదగా అడగండి. ఏదైనా లోటుంటే లోటుందని సంతకం పెట్టించుకుని ఫైలు తీసుకుంటారు. ఆ సంతకం పెట్టేముందు ఆ రోజే తెచ్చివ్వగలమేమో అడగడం మేలు. ఫీజు పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ళలోపు పిల్లలకు 45, ఆరేళ్ళలోపు వాళ్ళకు లేదు. రూపాయల్లో కట్టాలి, కేంద్రం సర్వీసు చార్జీ దానికి అదనం. వీసా రాకపోతే ఇవేవీ తిరిగి రావు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, లోతుగా చూడాల్సి వస్తే 45 రోజుల దాకా. అన్నాళ్ళూ పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉంటుంది.

పాస్‌పోర్టు వచ్చాక అందరూ ‘వచ్చేసింది’ అని ఫోటో తీసి కుటుంబం గ్రూపులో పెడతారు కానీ స్టిక్కర్ చదవరు. అందులో మూడు సంఖ్యలు చూడాలి. ఎప్పటి నుంచి ఎప్పటి దాకా చెల్లుతుంది, ఎన్నిసార్లు రావొచ్చు, ఎన్ని రోజులు ఉండొచ్చు. ఉదాహరణకు మే 1 నుంచి జూలై 14 దాకా చెల్లుబాటు, రోజులు 60 అని ఉందనుకోండి. జూలై 14 దాకా ఉండొచ్చని కాదు. మే 1న దిగితే 60వ రోజు జూన్ 29, ఆ రోజు అర్ధరాత్రిలోగా దేశం దాటాలి. మిగిలిన 15 రోజులు ప్రయాణం వెనక్కి జరిగితే సర్దుకోవడానికి ఇచ్చిన వెసులుబాటు మాత్రమే. స్టిక్కర్ మీది చివరి తేదీ చూసి తిరుగు టికెట్ కొని, తెలియకుండానే గడువు మీరే వాళ్ళున్నారు. ఎన్నిసార్లు అన్న చోట 01 ఉంటే ఒక్కసారే. ఆ వీసా మీద జర్మనీ నుంచి లండన్ చూసొద్దామని వెళ్తే, బ్రిటన్ వీసా వేరే ఉన్నా సరే, తిరిగి రావడానికి ఉండదు.

రాకపోతే కారణాల ఫారం ఒకటి వస్తుంది, గడుల్లో టిక్కులతో. మనవాళ్ళకు ఎక్కువగా పడేవి రెండు: వచ్చే కారణం నమ్మదగ్గట్టు లేదు, గడువులోగా వెనక్కి వెళ్తారన్న నమ్మకం కలగలేదు. ఇదివరకు కాన్సులేట్‌కే అభ్యంతరం రాసుకునే వీలుండేది. రెమాన్‌స్ట్రేషన్ అనే ఆ పద్ధతిని జర్మనీ 2025 జూలై 1 నుంచి ఎత్తేసింది. ఇప్పుడున్నవి రెండే దారులు. నెలలోపు బెర్లిన్ పరిపాలనా కోర్టులో దావా, లేదా లోటు సరిచేసి కొత్త దరఖాస్తు. చాలామందికి రెండోదే చౌక, రెండోదే త్వరగా తేలుతుంది. కానీ అదే ఫైలును తేదీలు మార్చి మళ్ళీ పడేస్తే అదే జవాబు వస్తుంది. కొత్త ఫారంలో గతంలో తిరస్కరించారా అన్న చోట నిజమే చెప్పాలి, వాళ్ళ కంప్యూటర్లో అది ఎలాగూ ఉంటుంది.

ఇక సూట్‌కేసు. ఇది మన ఇళ్ళలో వీసా కన్నా పెద్ద పంచాయితీ.

యూరోపియన్ యూనియన్ బయటి నుంచి వచ్చే ప్రయాణికులు మాంసం, పాలు, వాటితో చేసినవి తేకూడదు. సొంతానికైనా, పావు కిలో అయినా అంతే. మన భాషలో చెప్పాలంటే చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, ఊళ్ళో కాచిన నెయ్యి, పాలకోవా ఆగిపోతాయి. చేపలకు మాత్రం వేరే లెక్క, 20 కిలోల దాకా తెచ్చుకోవచ్చు. కనుక రొయ్యల పచ్చడి వెళ్తుంది, కోడి పచ్చడి వెళ్ళదు. తేనె 2 కిలోల దాకా. పసిపిల్లల పాలపొడి ఫ్రిజ్ అక్కర్లేని సీలు డబ్బాలో 2 కిలోల దాకా. ఆవకాయ, మాగాయ, గోంగూర పచ్చడి, కారప్పొడులు, చింతపండు, అప్పడాలు, నూనెలో వేయించిన జంతికలు, బియ్యం, పప్పులకు ఈ గొడవ లేదు. సున్నుండలు, పూతరేకుల లాంటి నెయ్యి తగిలిన మిఠాయిల సంగతి మధ్యస్తం. మిఠాయిలకు మినహాయింపు ఉన్నా తెరిచి చూసే అధికారి దాన్ని ఏమనుకుంటాడన్నది ఆ పూట అదృష్టం. నన్నడిగితే నెయ్యి వాసన గుప్పుమనే డబ్బా ఇంట్లోనే వదిలేయండి. నెయ్యి ఇక్కడ ఇండియన్ షాపుల్లో దొరుకుతుంది, బెల్లం దొరుకుతుంది, సున్నుండలు ఇక్కడే చుట్టుకోవచ్చు.

పచ్చిగా ఉన్నవాటికి 2019 డిసెంబర్ 14 నుంచి నియమం బిగిసింది. పండ్లు, కూరగాయలు, ఆకులు, పూలు, నాటే విత్తనాలు వేటికైనా మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. మినహాయింపు అయిదింటికే: అనాస, కొబ్బరికాయ, అరటి, ఖర్జూరం, దురియన్. కాబట్టి పూజ కొబ్బరికాయకు ఫర్వాలేదు, తమలపాకులకు, మల్లెపూలకు, కరివేపాకు కట్టకు, పచ్చి పసుపు కొమ్ముకు లేదు. బాల్కనీలో పెంచుకుందామని కాగితంలో చుట్టి పెట్టే తోటకూర, గోంగూర విత్తనాలు కూడా ఇందులోకే వస్తాయి. మామిడి పండ్ల మీద యూరప్‌కు పాత అనుమానం ఉంది. పండు ఈగల వల్ల 2014 మేలో మన మామిడి దిగుమతినే ఆపేశారు, 2015లో ఆ నిషేధం ఎత్తేశారు. బంగినపల్లి బుట్టతో దిగి ధ్రువపత్రం లేక చెత్తడబ్బాలో పడేయడం కన్నా ఊళ్ళోనే తిని రావడం నయం.

దుబాయ్, అబుదాబి మీదుగా వచ్చేవాళ్ళు గసగసాలు అసలు సర్దకండి. జర్మనీలో వాటితో కేకులు చేసుకుంటారు, అభ్యంతరం లేదు. కానీ యూఏఈలో అవి మత్తు పదార్థాల కిందకు వస్తాయి. మసాలా పొడిలో కలిపినవీ అంతే. మందులు ఉండబోయే రోజులకు సరిపడా, స్ట్రిప్పులతోనే, ఇంగ్లీషులో డాక్టరు చీటీతో తేవాలి. మాత్రలు విప్పి వారం డబ్బాలో పోసి తెస్తే ఏ మాత్ర ఏదో ఎవరికీ తెలియదు. మత్తు చట్టం కిందకు వచ్చే నిద్ర మాత్రలకు, బలమైన నొప్పి మందులకు 30 రోజుల పరిమితి, డాక్టరు ధ్రువపత్రం తప్పనిసరి.

విమానంలో వచ్చేవాళ్ళకు బహుమతులు, కొత్త వస్తువులు మనిషికి 430 యూరోల దాకా పన్ను లేదు, 15 ఏళ్ళలోపు వాళ్ళకు 175. ఒకే వస్తువు 600 యూరోలదైతే అమ్మానాన్నల మధ్య పంచి చూపడం కుదరదు, మొత్తానికీ పన్ను పడుతుంది. మొత్తం 700 యూరోల లోపు అయితే గుండుగుత్తగా 17.5 శాతం కట్టి బయటపడొచ్చు. మనవరాలికి చేయించిన కొత్త గొలుసు ఇందులోకే వస్తుంది, ఒంటి మీద వేసుకుని తిరిగి తీసుకెళ్ళే నగ రాదు. నగలు ఎక్కువగా ఉంటే బయల్దేరేటప్పుడు ఇండియా కస్టమ్స్ దగ్గర ఎగుమతి సర్టిఫికెట్ రాయించుకోవాలి. లేకపోతే తిరిగి దిగినప్పుడు ఇవి ఇక్కడివే అని నిరూపించుకోవడం కష్టం. నగదు 10,000 యూరోలు, అంతకు పైన ఉంటే రాతపూర్వకంగా చెప్పాలి. 2021 జూన్ నుంచి బంగారు నాణేలు, కడ్డీలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

దిగాక వరుస ఇలా ఉంటుంది. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు 2024 జనవరి నుంచి నేరుగా విమానం ఉంది, పెద్దవాళ్ళు ఒంటరిగా వస్తుంటే డబ్బు కాస్త ఎక్కువైనా అదే సుఖం. ప్యారిస్, ఆమ్‌స్టర్‌డామ్ లాంటి చోట మారితే ఇమిగ్రేషన్ అక్కడే, మొదటి షెంగెన్ విమానాశ్రయంలో. లగేజీలో వేసిన పెట్టెల కస్టమ్స్ మాత్రం చివరి ఊళ్ళో. మధ్యలో గంటే ఉన్న టికెట్ కొంటే ఆ క్యూలోనే రెండో విమానం వెళ్ళిపోతుంది. చేతిసంచిలో ఒక పల్చటి ఫైలు ఉండాలి: ఆహ్వాన లేఖ, వీఈ ఒరిజినల్, బీమా, తిరుగు టికెట్, మన ఫోన్ నంబరు. ఇంగ్లీషు రానివాళ్ళ కోసం జర్మన్‌లో నాలుగు వాక్యాలు టైపు చేసి పైన పెట్టండి: ఎవరి దగ్గరికి, ఎన్ని రోజులు, ఏ చిరునామా, ఎప్పుడు తిరుగు ప్రయాణం. ఫైలు చెక్-ఇన్ పెట్టెలో సర్దితే దాని వల్ల ప్రయోజనం సున్నా.

2025 అక్టోబర్ 12 నుంచి ఈఈఎస్ అనే రాకపోకల నమోదు మొదలైంది, 2026 ఏప్రిల్ 10 కల్లా అన్ని సరిహద్దుల్లో అమలుకు గడువు పెట్టుకున్నారు. పాస్‌పోర్టు మీద ముద్ర బదులు కంప్యూటర్లో ఎంట్రీ. వీసా ఉన్నవాళ్ళ వేలిముద్రలు ముందే ఉంటాయి కనుక ముఖం ఫోటో తీసుకుంటారు. ఎటియాస్ అనే ఇంకో పేరు వినబడుతుంది, అది వీసా అక్కర్లేని దేశాలవాళ్ళకు. భారత పాస్‌పోర్టుకు దాంతో పని లేదు, ఎవరైనా దానికి డబ్బు అడిగితే మోసమే.

సామాను తీసుకున్నాక రెండు దారులు. ఆకుపచ్చ దారిలో నడవడమంటేనే ‘చెప్పాల్సింది ఏమీ లేదు’ అని ప్రకటించినట్టు. కాబట్టి అక్కడ పట్టుబడ్డాక ‘తెలియదండీ’ అంటే కుదరదు. అనుమానముంటే ఎర్ర దారిలోకి వెళ్ళి అడగడమే మేలు, తీసేస్తే ఆ డబ్బా ఒక్కటే పోతుంది.

ఇక్కడున్నప్పుడు స్విట్జర్లాండ్ వెళ్ళొచ్చు, అది షెంగెన్‌లో ఉంది, వీసా అదే సరిపోతుంది. కానీ యూరోపియన్ యూనియన్ కస్టమ్స్‌లో లేదు. అక్కడ కొన్నది కారులో, రైల్లో జర్మనీకి తెస్తే పరిమితి 300 యూరోలే.

తిరుగు ప్రయాణంలో ఒక చిన్న లాభం ఉంది. అమ్మానాన్నలు జర్మనీలో ఒక షాపులో 50 యూరోలు దాటి కొన్నవి 3 నెలల్లోపు సొంత సామానులో తీసుకెళ్తే అమ్మకపు పన్ను తిరిగి వస్తుంది. షాపులో పాస్‌పోర్టు చూపించి ఫారం తీసుకోవాలి. విమానాశ్రయంలో కస్టమ్స్ ముద్ర వేసే ముందు వస్తువు చూపించమంటారు. పెట్టె ముందే బెల్టు మీదకు పంపేస్తే చూపించడానికి ఏమీ ఉండదు, ముద్ర పడదు. చెక్-ఇన్ కౌంటర్లో ట్యాగ్ వేయించుకుని, ముద్ర వేయించుకోవాల్సిన సామాను ఉందని చెప్పి పెట్టె వెనక్కి తీసుకుని కస్టమ్స్ దగ్గరికి వెళ్ళాలి.

ఇంటికి చేరాక రానూపోనూ బోర్డింగ్ పాసులు పారేయకండి. 2024 ఏప్రిల్‌లో భారతీయులకు తెచ్చిన పద్ధతి ప్రకారం, మూడేళ్ళలో రెండు వీసాలు సక్రమంగా వాడుకున్నవాళ్ళకు మూడోసారి రెండేళ్ళ మల్టిపుల్ ఎంట్రీ (ఎన్నిసార్లయినా వచ్చిపోగల) వీసా, ఆ తర్వాత పాస్‌పోర్టు గడువుంటే మామూలుగా ఐదేళ్ళది ఇస్తారు. ముద్రలు పోయి ఎంట్రీలన్నీ కంప్యూటర్లోకి వెళ్ళిపోయాక గడువులోగా వెళ్ళామని మన చేతిలో మిగిలే రుజువు ఆ అట్టముక్కలే. మా నాన్నవి పాత వీసా స్టిక్కర్ ఉన్న పేజీకే క్లిప్పు పెట్టి ఉన్నాయి.